నిజ్వాలో ఆటగాళ్ళ గోడ

ఒమన్‌లో నాలుగేళ్ళుగా ఉంటూ నిజ్వా కోట చూడలేదంటే, తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చినవాడిని చూసినట్టు చూస్తారు ఇక్కడివాళ్ళు. నేను చూడలేదు. మా అనంతపురం జిల్లాలో గుట్టకొక కోట ఉంటుంది కాబట్టి ఆ మోజు చిన్నప్పుడే తీరిపోయింది. 2008 చివర్లో, ఎండ కాస్త మనుషుల మీద దయ చూపించే రోజుల్లో, నేను నిజ్వా బయల్దేరింది ఒక బేస్‌బాల్ ఆటగాడి ఫోటో చూడ్డానికి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వారానికొక్క సెలవు, దాన్నీ బస్సులో పాడుచేసుకుంటావా?" అన్నారు మావారు. ఆయనకి శుక్రవారమంటే మధ్యాహ్నం నిద్ర.

ఆ ఫోటో సంగతి నాకు చెప్పింది సత్యవతి. మస్కట్‌లో మేముండే రూవీ పేటలో, మా పై అంతస్తులో ఉండే ఢిల్లీ డాక్టర్ల ఇంట్లో వంట చేస్తుంది. అమలాపురం పక్క పల్లె. ఆమె భర్త సూరిబాబు నిజ్వాలో ఒక కంపెనీ సైట్‌లో ఇనుప రాడ్లు వంచే పని చేసేవాడు, శుక్రవారాలు వాలీబాల్ ఆడేవాడు. నిజ్వా ఊరి బయట సనయ్యాలో, అంటే గ్యారేజీలూ వర్క్‌షాపులూ ఉండే పేటలో, ఒక మలయాళీ హోటలుందని, అక్కడ ఏడాదికొక ఆటగాడి ఫోటో గోడకి ఎక్కిస్తారని, ఈ ఏడాది తనకే ఆ గౌరవం దక్కిందని సూరిబాబు ఫోన్‌లో చెప్పాడట. "అక్కడే పై వరసలో ఎవరో పాకిస్తానీ ఆయన ఫోటో అంటండి. బషీర్ భాయ్ అంటారు. లావుపాటి గుండ్రటి కర్ర భుజమ్మీదకెత్తి నుంచున్నాడంట, ఎవర్నో కొట్టడానికొచ్చినట్టు" అంది సత్యవతి నవ్వుతూ. నేను ఇక్కడ పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను గానీ ఒకప్పుడు యూనివర్సిటీ తరఫున సాఫ్ట్‌బాల్ ఆడినదాన్ని. క్రికెట్ వాడైతే బ్యాట్ నేలకానించి నిలబడతాడు. భుజం మీదకెత్తి నిలబడ్డాడంటే అది బేస్‌బాలే. ఒమన్ కొండల మధ్య బేస్‌బాల్ ఆడే మనిషెవరో చూడాలని, వీలైతే కలిసి మాట్లాడాలని అప్పుడే అనుకున్నాను.

అదంతా ముందు సంగతి. ఆ తర్వాత కంపెనీ సూరిబాబుని దుక్మ్ పంపింది. అక్కడ కొత్త పోర్టు కడుతున్నారు. ఊరనేది ఇంకా లేదు, సముద్రమూ క్యాంపులూ తప్ప. ఫోన్ సిగ్నల్ క్యాంపులో దొరకదు. కంపెనీ బండి హైమా ఊరి వైపు వచ్చినప్పుడే ఫోన్ చేయాలి. మొదట్లో పదిహేను రోజులకొకసారైనా చేసేవాడు. తర్వాత నెల దాటినా చేయలేదు. సరిగ్గా అప్పుడే మా రూవీ పక్కన హమ్రియాలో కూరగాయల కొట్టు దగ్గర ఎవరో అనగా సత్యవతి వింది, నిజ్వా నుంచి దుక్మ్ వెళ్ళిన ఆటగాడొకడు పోయాడని. పేరు వాళ్ళకీ తెలియదు. కంపెనీ ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. సైట్ వాళ్ళని కనుక్కుని చెప్తామన్నారు, చెప్పలేదు. డాక్టర్లు సెలవుకి ఢిల్లీ వెళ్ళడంతో సత్యవతికి శుక్రవారం ఖాళీ దొరికింది. "ఆ హోటలాయనకి అందరి సంగతులూ తెలుస్తాయంటండి. నన్ను కూడా తీసుకెళ్ళండి టీచరుగారూ" అంది. అలా నేను ఫోటో కోసం, ఆమె కబురు కోసం ఒకే బస్సెక్కాం.

రూవీ బస్‌స్టాండ్ నుంచి పొద్దున ఎనిమిదింటికి ప్రభుత్వ బస్సుంది. టికెట్ రెండు రియాళ్ళ లోపే, ఏసీ బాగా పనిచేస్తుంది, ఎంత బాగా అంటే శాలువా లేకపోతే ఫంజా చేరేసరికి వణుకు మొదలవుతుంది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ కొడుతుంది, కుడివైపు కూర్చోండి. సమాయిల్ లోయ దగ్గర ఖర్జూర తోటలు రోడ్డు పక్కకే వస్తాయి, మిగతాదంతా కాల్చిన ఇటుక రంగు కొండలు. నేను ఇవన్నీ కాగితం మీద రాసుకుంటుంటే సత్యవతి మాత్రం పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీటు వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది. ఇజ్కీ దాటాక ఒక్కసారి మాట్లాడింది. "ఆ పోయినాయన ఈయన కాకూడదని దండం పెట్టుకుంటన్నానండి. అంటే ఇంకెవరో పోవాలని కోరుకున్నట్టేగా" అంది. లెక్కల టీచర్ని కాబట్టి ఆ లెక్క సరిగ్గానే ఉందని నాకు తెలుసు. నీళ్ళ సీసా ఇచ్చాను.

పదిన్నరకి నిజ్వాలో దిగాం. మేకల సంత చూడాలనుకునేవాళ్ళు ఈ బస్సుని నమ్ముకోవద్దు. శుక్రవారం పొద్దున్నే మొదలై మనం చేరేసరికి ముగిసిపోతుంది, మిగిలిన ఒకటి రెండు మేకలు పికప్‌లలోంచి మనల్ని చూస్తుంటాయి. కోటని బయటి నుంచే చూశాం. పెద్ద గుండ్రటి బురుజు, తేనె రంగు గోడలు, బాగానే ఉంది. లోపలికి వెళ్దామా అని మర్యాదకి అడిగాను. సత్యవతి మర్యాదకైనా ఔననలేదు.

సనయ్యాకి టాక్సీ ఎక్కాం. డ్రైవర్ పాదాల దాకా తెల్ల దిష్‌దాషా అంగీ వేసుకున్న ఒమనీ పెద్దాయన, హిందీ మనకన్నా ధారాళంగా మాట్లాడతాడు. రియాల్ అడిగి, నేను బేరం మొదలుపెట్టేలోగా తనే అర రియాల్ చేసుకున్నాడు. ఆడవాళ్ళిద్దరికి సనయ్యాలో ఏం పనని అడిగాడు. ఆటగాళ్ళ ఫోటోలు చూడాలన్నాను. "హంజా హోటలా? శుక్రవారం సాయంత్రం మా అబ్బాయిలు కూడా అక్కడే ఆడతారు. వాళ్ళ పద్ధతి మంచిది. ఫోటోకి ఎవరి పేరు చెప్పాలన్నా ఎదుటి టీమ్ వాళ్ళే చెప్పాలి. సొంత టీమ్ వాడిని పొగిడితే లెక్కలోకి రాదు" అన్నాడు. ఇంత తెలివైన నియమం మన స్పోర్ట్స్ కమిటీలకి ఎందుకు తట్టలేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

హోటల్ బోర్డు మీద 'కాఫీ షాప్' అని ఉంది గానీ కాఫీ దొరకదు. పరోటా, చేపల పులుసు, శుక్రవారమైతే బిర్యానీ. యజమాని హంజాకి యాభై ఏళ్ళుంటాయి, లుంగీ మీద ఏప్రన్. నమాజు వేళకి షట్టర్ దించాలి కాబట్టి అప్పటికే హడావుడిలో ఉన్నాడు. మస్కట్ నుంచి ఫోటోలు చూడ్డానికి వచ్చామని మాత్రం చెప్పాను. సత్యవతి ఎవరో చెప్పేలోగానే ఆయన మురిసిపోయి, "టీవీ గదిలో ఉన్నాయి, చూస్తూ ఉండండి, బిర్యానీకి దమ్ము పెట్టి వస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

టీవీ గది అంటే ఏదేదో ఊహించుకోకండి. ప్లైవుడ్ గోడకి నీలం రంగు వేసి రెండు వరుసల్లో ఫ్రేములు తగిలించారు. కింద పేరు, ఆట. వాలీబాల్ వాళ్ళు, క్రికెట్ వాళ్ళు, ఒక పంజాబీ కబడ్డీ ఆటగాడు, చేతి పందెంలో ఎవరికీ లొంగని బంగ్లాదేశీ బేల్దారు ఒకడు. నేను సూటిగా బషీర్ ఫోటో దగ్గరికి వెళ్ళిపోయాను. నిజంగా బేస్‌బాలే. మోకాళ్ళు కొద్దిగా వంచి, వెనక మోచెయ్యి పైకి లేపి, గడ్డం భుజానికానించి నిలబడ్డాడు. బ్యాట్ కంపెనీ వడ్రంగి చెక్కినట్టుంది, పట్టు దగ్గర మరీ లావు. కానీ నిలబడ్డ తీరులో వంక లేదు, మా కోచ్ చూస్తే మమ్మల్నందరినీ తీసుకొచ్చి ఆ ఫోటో ముందు కూర్చోబెట్టేవాడు. ఇతన్ని ఇవాళే కలవాలి, ఎక్కడ నేర్చుకున్నాడో అడగాలి అనుకుంటూ వెనక్కి తిరిగాను. సత్యవతి గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉంది.

ఆమె చూస్తున్నవైపు నేనూ చూశాను. కింది వరుస చివర్లో సూరిబాబు ఫోటో. ఎర్ర బనీను, చంకలో బంతి, మొహం నిండా నవ్వు. ఫ్రేముకి నారింజ రంగు ప్లాస్టిక్ పూల దండ, చుట్టూ వెలుగుతూ ఆరుతూ చిన్న ఎర్ర బల్బులు. మిగతా ఏ ఫోటోకీ దండ లేదు.

మన ఇళ్ళలో గోడ మీది ఫోటోకి దండా, దీపం లాంటి బల్బూ కనిపిస్తే ఎవరూ ఏమైందని అడగరు. ఎప్పుడని అడుగుతారు. సత్యవతి కూడా అదే అడిగింది, మెల్లిగా, నన్ను చూడకుండా. "ఎప్పుడో కనుక్కోండి టీచరుగారూ." నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి హంజాని హిందీలో అడిగాను, సూరిబాబు ఫోటో ఎప్పుడు పెట్టారని. ఆయన గిన్నె మూత చుట్టూ పిండి అతికిస్తూ, రెండు నెలలవుతుందని, గ్రౌండ్ నిండా జనం వచ్చారని, అందరికీ బిర్యానీ పెట్టామని, అతనొక్కడూ లేకపోవడమే లోటని చెప్పాడు. నాలుగు మాటల్లో ఆమెకి చెప్పాను. ఇంకా మెత్తగా చెప్పడం నాకు రాలేదు.

సత్యవతి గోడకానుకుని నేల మీద కూర్చుంది. ఏడవలేదు. జాకెట్ లోపలి పుస్తెలు గుప్పిట్లో పట్టుకుంది. కాసేపయ్యాక "రెండు నెల్లంటే మరి నెలన్నర కిందట ఫోన్ చేసిందెవరండీ?" అంది. ఆ ప్రశ్న నాకు తట్టాల్సింది. దండ చూసిన కళ్ళకి లెక్క కనపడలేదు.

మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, ఈమె సూరిబాబు భార్య అని, అతను పోయిన సంగతి సరిగ్గా చెప్పమని అడిగాను. హంజా చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి బయటికొచ్చాడు. నేల మీద కూర్చున్న ఆమెని చూశాడు, ఫోటోని చూశాడు. "అతను పోవడమేమిటమ్మా? దుక్మ్‌లో ఉన్నాడు" అన్నాడు. ఇక్కడ గౌరవం జరిగే రోజున దండ ఆటగాడి మెడలోనే వేస్తారట. ఆ రోజుకి సూరిబాబుని దుక్మ్ పంపేశారు కాబట్టి, మనిషి లేకపోతే మనిషి ఫోటోకి వేస్తే సరిపోతుందని అందరూ కలిసి వేశారట. ఇన్నేళ్ళలో అలా రాలేకపోయినవాడు ఇతనొక్కడే. బల్బులు ఆనాటి అలంకరణవి, చూడ్డానికి బాగున్నాయని తీయలేదు.

"మాలో పోయినవాళ్ళ ఫోటోకే అలా దండ వేస్తారు" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "మా ఊళ్ళో నాయకుల ఫోటోలకి వేస్తాం కదా, అది గౌరవం కాదా?" అన్నాడు. ఆ నాయకులందరూ పోయినవాళ్ళేనన్నాను. ఆయన ఒక్కొక్కరినీ వేళ్ళ మీద లెక్కపెట్టి తల దించుకున్నాడు. వద్దని చెప్పడానికి ఆ టీముల్లో తెలుగువాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ దుక్మ్‌లో ఉన్నాడు.

సత్యవతి ఇంకా నమ్మలేదు. "చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది. హంజా బయటి బల్ల దగ్గర టీ తాగుతున్న గుల్ జమాన్‌ని పిలిచాడు. పెషావర్ వైపు మనిషి, వారం వారం దుక్మ్ క్యాంపులకి సరుకు లారీ తోలతాడు. లోపలికొచ్చి, ఆడవాళ్ళున్నారని గుమ్మం దగ్గరే ఆగి, నేలకేసి చూస్తూ మాట్లాడాడు. మొన్న మంగళవారం సూరిబాబు గదిలోనే రొట్టె తిన్నానని, మనిషి నిక్షేపంగా ఉన్నాడని, కాకపోతే బాగా చిక్కిపోయాడని చెప్పాడు. నేను మాట మాటా తెలుగులో చెప్తుంటే సత్యవతి అతని మొహాన్నే చూస్తూ వింది. అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, గట్టిగా, చాలాసేపు.

ఏడుపు ఆగాక అడిగింది. "మరి పోయాడని హమ్రియాలో అన్నది ఎవర్నండీ?"

హంజా తల తిప్పి పై వరుసలో బషీర్ ఫోటో వైపు చూశాడు. అతనూ సూరిబాబూ ఒకే లారీలో దుక్మ్ వెళ్ళారట, ఒకే గది. ఒక రాత్రి పడుకున్న బషీర్ పొద్దున లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. బండిలో హైమా ఆసుపత్రి దాకా తల ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది సూరిబాబే. "అప్పటినుంచి ఇంటికి ఫోన్ చేయలేదని నాతో అన్నాడు. హలో అనగానే భార్య ఎలా ఉన్నావని అడుగుతుంది, ఏం చెప్పాలి భాయ్ అన్నాడు" అని చెప్పాడు గుల్ జమాన్.

కలిసి మాట్లాడాలనుకున్న మనిషి గురించి నేను ఆ తర్వాత తెలుసుకున్నదంతా హంజా నోటి నుంచే. బషీర్ వాళ్ళ ఊరి పోలీసు టీమ్‌లో బేస్‌బాల్ ఆడేవాడట. క్రేన్ ఆపరేటర్‌గా వచ్చాడు. ఇక్కడ బేస్‌బాల్ ఆడేవాళ్ళు లేరు కాబట్టి క్రికెట్‌లో ఫీల్డింగుకి నిలబడేవాడు. బౌండరీ నుంచి విసిరితే బంతి తిన్నగా వికెట్లకే వచ్చేదట. నాలుగుసార్లు రనౌటైన సిలోన్ టీమ్ వాళ్ళు విసిగిపోయి, ఈ ఆట గోడెక్కాల్సిందేనని అతని పేరు చెప్పారు. ఈ ఏడాది వాలీబాల్ అయ్యాక సూరిబాబు పేరు చెప్పింది ఎదుటి టీమ్‌లో ఆడిన బషీరే. బషీర్ పోయాక అతని ఫోటోకి దండ వేద్దామా అని వాళ్ళవాళ్ళని అడిగారట. మా పద్ధతి కాదన్నారు. అతని కోసం దువా ప్రార్థన చేసి ఊరుకున్నారు.

హంజా స్టూలెక్కి సూరిబాబు ఫోటో మీది దండ తీశాడు, బల్బుల ప్లగ్ పీకాడు. తీసిన దండ ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడితే, "అవతల పారెయ్యండి, ఏమనుకోకండి" అంది సత్యవతి. తర్వాత బషీర్ ఫోటో ముందుకెళ్ళి చేతులు జోడించింది. అది ఆయన పద్ధతి అవునో కాదో నేను చెప్పలేదు, గుల్ జమాన్ కూడా ఏమీ అనలేదు. మంగళవారం మళ్ళీ దుక్మ్ వెళ్తున్నానని, సూరిబాబుకి ఏం చెప్పమంటారని అతను అడిగాడు. "ఫోన్ చెయ్యమనండి. ఎలా ఉన్నావని అడగనని చెప్పండి" అంది సత్యవతి.

నమాజయ్యాక బిర్యానీ తిన్నాం. హంజా డబ్బు తీసుకోలేదు. సత్యవతి పెరుగన్నం గుల్ జమాన్‌కి పెట్టింది, అతను కారానికి అలవాటు పడ్డ నోటితో దాన్ని మర్యాదగా పూర్తిచేశాడు. సాయంత్రం బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. "మా ఆయన కాదనగానే ప్రాణం లేచొచ్చిందండి. ఆయన భార్య ఎక్కడుందో, ఆవిడకెవరు చెప్పేరో" అంది సమాయిల్ దగ్గర. తర్వాత నిద్రపోయింది. నేను ఈ బ్లాగులో కోటల గురించీ బీచ్‌ల గురించీ రాస్తుంటాను, మనుషుల గురించి రాయడం నాకు పెద్దగా చేతకాదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఎదుటివాడు గౌరవంగా వేసిన దండని మేం చావనుకున్నాం, నిజంగా చావున్న చోట నేను మోచెయ్యి ఎంత బాగా లేపాడో చూసి మురిసిపోయాను. చదువూ, నాలుగేళ్ళ గల్ఫ్ అనుభవమూ ఆ గదిలో నాకేమీ పనికిరాలేదు. ఆ దిగులు ఇంకా పోలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సూచన. శుక్రవారమైతే పదకొండున్నరలోపు హోటల్ చేరండి, లేదా రెండు దాటాక వెళ్ళండి, మధ్యలో షట్టర్ వేసి ఉంటుంది. సనయ్యాలో హంజా హోటలంటే టాక్సీవాళ్ళందరికీ తెలుసు. టీవీ గదిలో పై వరుసలో, గుండ్రటి బ్యాట్ భుజం మీదకెత్తి నిలబడ్డ ఫోటో ఉంటుంది. పేరు బషీర్. బేస్‌బాల్ ఆడేవాడు.